బొంగరం ఆట

మా ఊరు గుడియాత్తం. రాయవేలూరు నుంచి పడమటగా రైల్లో పోతే కాట్పాడి దాటిన తర్వాత వస్తుంది. ఊరి పక్కన కౌండిన్యా నది ఉంది. నది అని పేరే గాని ఏడాదిలో ఎక్కువ నాళ్ళు ఇసకే. లుంగీలకూ, అగ్గిపెట్టెలకూ, బీడీలకూ మా ఊరికి పేరు. తమిళ వైకాసి నెల మొదటి రోజున జరిగే గంగమ్మ శిరసు తిరునాళ్ళకు చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వస్తాయి. ఉత్తరంగా కొంచెం దూరం పోతే చిత్తూరు జిల్లా. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పక్క వీధిలో ఉర్దూ. ఈ పత్రిక చదివేవారికి ఇదేమీ కొత్త కాదు. హోసూరులో ఉన్నవారిదైనా, కోవిల్‌పట్టిలో ఉన్నవారిదైనా దాదాపు ఇదే కథ.

నేను రాయబోయేది ఫుట్‌బాల్ గురించి. అదీ 1933-34లో జర్మనీలో జరిగిన ఒక ప్రాంతీయ లీగు గురించి. గుడియాత్తం మగ్గాల వీధివాడికి దాంతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. చెబుతాను.

నేను చదువు ముగించుకుని రాణిపేటలో ఒక తోళ్ళ ఎగుమతి కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరాను. మా తోళ్ళు ఎక్కువగా జర్మనీకి పోయేవి. సరుకు చూసుకోవడానికి అక్కడి నుంచి ఏటా ఒక మనిషి వచ్చేవాడు. ఆయన తోళ్ళు ఊనడంలో ఆరితేరినవాడు. తోలు ముక్కను వేళ్ళ మధ్య రుద్ది చూసి, అది ఏ తొట్టిలో ఎన్నాళ్ళు నానిందో చెప్పేవాడు. 1994లో ఆయనను పేర్ణాంబట్టు తీసుకువెళ్ళే పని నా మీద పడింది. కారులో మాటలు సాగాయి. ఆయన పేరు చివర ‘స్కీ’ అని ఉంది. నాకున్న కొద్దిపాటి తెలివితో, “మీ పేరు జర్మన్ పేరులాగా లేదే” అన్నాను.

ఆయన నవ్వాడు. “మా ఊళ్ళో సగం మంది పేర్లు ఇట్లాగే ఉంటాయి. మా తాత గని పని కోసం తూర్పు నుంచి వచ్చాడు” అన్నాడు.

ఊరు గెల్సెన్‌కిర్షెన్. జర్మనీ పడమట రూర్ అనే బొగ్గు గనుల సీమలో ఉంది. 1870ల తర్వాత ఆ గనుల్లోకి కూలీలు కావలసి వస్తే, తూర్పు ప్రష్యాలోని మసూరియా అనే ప్రాంతం నుంచి వేలాది కుటుంబాలు వలస వచ్చాయట. సరస్సులూ, అడవులూ ఉన్న పేద సీమ అది. వాళ్ళ ఇంటి భాష పోలిష్‌కు దగ్గరి యాస. మతం మాత్రం జర్మన్లలో చాలామందిలాగే లూథరన్. 1920లో, మీరు జర్మనీలో ఉంటారా, పోలండ్‌లో కలుస్తారా అని ఓటు పెట్టి అడిగితే, నూటికి 97 మందికి పైగా ఉన్నచోటనే ఉంటామన్నారు. అయినా రూర్ సీమలో పక్కింటివాడు కోపం వస్తే వాళ్ళను తిట్టే తిట్టు ‘పొలాక్’.

నాకు ఆ మాట వినగానే మా బడి గుర్తుకొచ్చింది. మాకూ ఒక మాట ఉంది కదా. ‘గొల్టి’. ఆటలో గెలిస్తే ఆ మాట వినబడదు. ఓడితే మొదట వినబడేది అదే. చిత్రమేమంటే, సెలవులకు తిరుపతి దగ్గరున్న మేనత్త ఇంటికి పోతే అక్కడి పిలకాయలు నన్ను ‘అరవోడా’ అని పిలిచేవాళ్ళు. నేను అదే మనిషిని, అదే తెలుగు మాట్లాడాను. కాట్పాడిలో రైలెక్కి తిరుపతిలో దిగేసరికి మాత్రం జాతి మారిపోయేది.

మా తాత కూడా గని మనిషే అని నేను ఆయనకు చెప్పాను. మగ్గం కూడు పెట్టని కాలంలో, 1930ల మొదట్లో, మా తాత గుడియాత్తంలో రైలెక్కి జోలార్‌పేట, బంగారుపేట మీదుగా మారికుప్పం చేరి కోలారు బంగారు గనిలో దిగాడు. ఉత్తరార్కాడు, చిత్తూరు, సేలం జిల్లాల నుంచి అట్లా పోయినవాళ్ళు లెక్కలేనంతమంది. ఇంగ్లీషు కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ చేతిలో ఉండేవి ఆ గనులు. చాంపియన్ రీఫ్ గని చివరికి భూమి లోపల మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. తాత ఎనిమిదేళ్ళు చేసి, దగ్గు పట్టుకుని తిరిగొచ్చాడు. దగ్గుతోపాటు ఆయన తెచ్చుకున్నది ఫుట్‌బాల్ పిచ్చి. గనులకు జట్లు ఉండేవనీ, తెల్లదొరలు బూట్లతోనూ మనవాళ్ళు వట్టికాళ్ళతోనూ ఆడేవాళ్ళనీ చెప్పేవాడు. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ కప్పును గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. ఆ వార్త వచ్చిన రాత్రి లైన్లలో తెలుగువాడు, తమిళుడు, తురకవాడు అనే తేడా లేకుండా అందరూ కలిసి ఎగిరారని చెబుతూ తాత మంచం మీద లేచి కూచునేవాడు.

“ఒరే అబ్బయ్యా, గనిలోకి దిగేటప్పుడు నువ్వు ఏ బాస మాట్లాడతావని బోను అడగదురా” అనేవాడు.

ఈ మాట నేను ఇంగ్లీషులోకి మార్చి చెబితే ఆ జర్మన్ ఆయన కారు కిటికీ మీద చేత్తో కొట్టి, “సరిగ్గా ఇదే మా తాత అనేవాడు” అన్నాడు. ఆ తర్వాత పేర్ణాంబట్టు చేరేదాకా ఆయన చెప్పిందే నేను ముందు చెప్పిన లీగు కథ.

గెల్సెన్‌కిర్షెన్‌లో షాల్కె అనే పేట ఉంది. ఆ పేట కుర్రాళ్ళు 1904లో ఒక క్లబ్బు పెట్టుకున్నారు. అదే షాల్కె 04. ఆటగాళ్ళలో చాలామంది గని కార్మికుల బిడ్డలు. అందుకే జనం ఆ జట్టును గని పనివాళ్ళు అనే పేరుతోనే పిలిచేవారు. 1928లో కట్టుకున్న సొంత మైదానానికి కూడా గనిలో దిగేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే క్షేమవాక్యాన్నే పేరుగా పెట్టారు. జట్టుకు రెండు కళ్ళలాంటివారు ఇద్దరు: ఎర్న్‌స్ట్ కుట్సోరా, ఫ్రిట్స్ షెపాన్. ఇద్దరూ గెల్సెన్‌కిర్షెన్‌లోనే పుట్టారు, ఇద్దరి ఇళ్ళవారూ మసూరియా నుంచి వచ్చినవారే. కుట్సోరా చెల్లెల్ని షెపాన్ పెళ్ళి చేసుకున్నాడు గనుక బావాబావమరుదులు కూడా.

వాళ్ళ ఆటకు ఒక పేరుంది: క్రైజెల్. అంటే బొంగరం. బంతిని గాల్లోకి పొడుగ్గా తన్నకుండా, నేలమీదనే ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి చిన్న చిన్నగా అందించుకుంటూ, అవతలి జట్టును మధ్యలో పెట్టి తిప్పడం. ఇరుకు వీధుల్లో ఆడుకున్నవాళ్ళకు వచ్చే ఆట అది. మా మగ్గాల వీధిలో పాకు పరిచిన రోజుల్లో, నూలు తెగకుండా పక్కనున్న మూరెడు జాగాలో మేము ఆడిన ఆట కూడా అదే. పొడుగ్గా తన్నితే నూలు మీద పడుతుంది, పెద్దవాళ్ళ చేతుల్లో వీపు చిట్లుతుంది.

1930లో ఆ జట్టు మీద పెద్ద దెబ్బ పడింది. ఆ రోజుల్లో జర్మనీలో ఫుట్‌బాల్ ఆడి డబ్బు తీసుకోకూడదు. ఖర్చుల కింద ఇవ్వదగిన చిన్న మొత్తం కంటే ఎక్కువ ఇచ్చారని నేరం మోపి మొదటి జట్టు ఆటగాళ్ళందరినీ నిషేధించారు. ఆ అవమానం తట్టుకోలేక క్లబ్బు లెక్కలు చూసే ఆయన కాలవలో పడి చచ్చిపోయాడు. లెక్కలు రాసేవాణ్ణి గనుక కథలో ఈ ముక్క దగ్గర నాకు కాసేపు మాట రాలేదు. నిషేధం తీసేశాక 1931 జూన్ 1న వాళ్ళు మళ్ళీ మైదానంలోకి దిగితే చూడటానికి 70,000 మంది వచ్చారట. మైదానం పట్టక జనం గీత దాకా కూచున్నారు.

1933 జనవరిలో హిట్లరు గద్దెనెక్కాడు. అంతవరకూ జర్మనీలో పై స్థాయి ఆట లెక్కలేనన్ని చిన్న చిన్న ప్రాంతీయ లీగుల్లో సాగేది. కొత్త ప్రభుత్వం వాటన్నిటినీ తీసేసి దేశాన్ని 16 ముక్కలుగా చేసి, ముక్కకొక లీగు పెట్టింది. వాటిని గౌలీగా అన్నారు. షాల్కె జట్టు పడింది వెస్ట్‌ఫాలెన్ లీగులో. అందులో 10 జట్లు. ఒక్కొక్క జట్టు మిగిలిన 9 జట్లతోనూ రెండేసిసార్లు ఆడాలి, మొత్తం 18 ఆటలు. ఆ మొదటి ఏడాదే షాల్కె లీగు గెలిచింది. 1944 దాకా వరసగా 11 ఏళ్ళు గెలుస్తూనే ఉంది. ఆ 11 ఏళ్ళలో లీగు ఆట సొంత మైదానంలో ఒక్కటీ ఓడలేదు.

16 లీగుల విజేతలను నాలుగేసి చొప్పున గుంపులు చేసి ఆడించాక, చివరి ఆట 1934 జూన్ 24న బెర్లిన్‌లో. అవతలి జట్టు న్యూరెంబర్గ్. అది అప్పటికే ఎన్నోసార్లు దేశ విజేత అయిన పెద్ద ఇంటి జట్టు. షాల్కె అంతకు ముందు ఏడాది చివరి ఆట దాకా వచ్చి డ్యుసెల్‌డోర్ఫ్ జట్టు చేతిలో 3-0తో ఓడిపోయింది. ఈసారి కూడా రెండో సగంలో న్యూరెంబర్గ్ గోలు కొట్టింది. 87 నిమిషాలు గడిచినా స్కోరు మారలేదు. 88వ నిమిషంలో షెపాన్ గోలు కొట్టాడు. కుట్సోరాకు గజ్జల్లో బుడ్డ జారి నొప్పి. ఆ నొప్పితోనే ఆడుతున్నాడు. ఆఖరి నిమిషంలో బంతి తన్నాడు, తన్ని అక్కడే స్పృహ తప్పి పడిపోయాడు. బంతి గోల్లో పడింది. 2-1. మసూరియా గని కూలీల బిడ్డలు జర్మనీ విజేతలయ్యారు.

ఇక్కడిదాకా విని నేను, “తిట్టినవాళ్ళు ఏమన్నారు?” అని అడిగాను.

ఆయన చెప్పిందేమంటే: వార్సాలో ఒక క్రీడా పత్రిక, జర్మన్ ఫుట్‌బాల్ కప్పు మన పోలిష్ బిడ్డల చేతికొచ్చిందని సంబరంగా రాసింది. ఆ వార్త జర్మనీలో మంట పుట్టించింది. వెంటనే షాల్కె క్లబ్బు వాళ్ళు, మా ఆటగాళ్ళ తల్లిదండ్రులంతా జర్మనీ సరిహద్దుల్లో పుట్టినవాళ్ళే, వలస వచ్చిన పోలిష్‌వాళ్ళు కారు అని, పుట్టిన ఊళ్ళతో సహా పత్రికకు రాసి ప్రకటించుకోవలసి వచ్చింది.

నేను ఆ మాట విని చాలాసేపు బయటికి చూస్తూ కూచున్నాను. గోలు కొట్టిన మరుసటి వారం అమ్మానాన్నలు పుట్టిన ఊళ్ళ పట్టీ ఇచ్చుకోవడం! మన పెద్దలకు ఈ పట్టీల సంగతి తెలుసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1960లో సరిహద్దు ఊళ్ళు అటూ ఇటూ మారాయి. మా ఇంట్లో అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు ఆ రాష్ట్రం, ఒకరు ఈ రాష్ట్రం. 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చి, 2016లో పదో తరగతి దాకా చేరినప్పుడు మన పిల్లలు ఏ భాషలో పరీక్ష రాయాలని కోర్టుల దాకా పోవలసి వచ్చింది. ఎవరి తప్పు ఎంత అనే లెక్క ఇప్పుడు వేయను. పట్టీ అడిగినప్పుడు గొంతులో ఏం అడ్డుపడుతుందో మాత్రం నాకు తెలుసు.

ఎదురు ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారి చేతిలో తయారై, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన జట్టులోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఆడాడు. తర్వాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, బెంగాలులోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో పోయాడు. తెలుగు నేల మీద పుట్టిన తమిళ బిడ్డ. మనలాంటివాళ్ళకు అద్దంలో బొమ్మ. ఆయన ఎవరి వాడని నన్నడిగితే, ముగ్గురి వాడూ అంటాను.

ఆ రోజు పేర్ణాంబట్టులో దిగేముందు జర్మన్ ఆయన, “నువ్వూ ఆడేవాడివా?” అని అడిగాడు. “బడి జట్టులో లెఫ్ట్ అవుట్. వేలూరు కోట మైదానంలో ఆడాను” అన్నాను. గర్వంగానే అన్నాను. ఆయన వెన్ను తట్టాడు.

కథ అక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు.

2001లో ఆయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి పదవీ విరమణ చేశాడు. ఆ ఏడు ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడిన సంగతి నేను రాస్తే దానికి జవాబు. వాళ్ళ ఊళ్ళో షాల్కె జట్టుకు కొత్త స్టేడియం కట్టారనీ, దాని దగ్గర ఒక వీధికి ఫ్రిట్స్ షెపాన్ పేరు పెట్టాలనుకుని, గొడవై మానుకున్నారనీ రాశాడు. ఎందుకు మానుకున్నారో కూడా రాశాడు. “ఆ రోజు కారులో నీకు ఈ ముక్క చెప్పలేదు. తెలియక కాదు” అని మొదలుపెట్టాడు.

షాల్కె పేట అంగడి వీధిలో ఒక బట్టల కొట్టు ఉండేది. సొంతదారులు సాలీ మేయర్, యూలీ లిఖ్ట్‌మన్ అనే యూదులు. 1938లో నాజీ ప్రభుత్వం యూదుల వ్యాపారాలను లాక్కుని ‘ఆర్యుల’ చేతికి ఇప్పిస్తున్న రోజుల్లో, ఆ కొట్టును తక్కువ ధరకు కొనుక్కున్నవాడు ఫ్రిట్స్ షెపాన్. అప్పటికే ఆయన నాజీ పార్టీ సభ్యుడు. కొట్టు పోగొట్టుకున్న ఇద్దరినీ తర్వాత రీగాకు తరలించారు. వాళ్ళు తిరిగి రాలేదు, చంపేశారు. షెపాన్ యుద్ధం తర్వాత కూడా ఊళ్ళో పెద్దమనిషిగానే బతికి 1974లో పోయాడు. క్లబ్బుకు ఉపాధ్యక్షుడుగా ఉన్న పళ్ళ డాక్టరు పౌల్ ఐషెన్‌గ్రూన్ కూడా యూదుడే. 1933లోనే, అంటే నేను పైన చెప్పిన ఆ లీగు మొదలైన ఏడాదే, ఆయన పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. అంటే బొంగరం తిరగడం మొదలైన రోజుకే ఒక మనిషి బయట నిలబడి ఉన్నాడు.

బట్టల కొట్టు అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. మాది నేతవాళ్ళ ఇల్లు. కొట్టంటే ఏమిటో తెలుసు. మూటలు దించుకున్న చోటు, కొలబద్ద, అరువు ఖాతా, గల్లా పక్కన దేవుడి పటం. ‘పొలాక్’ అనిపించుకున్నవాడికి, పుట్టిన ఊరి పట్టీ ఇచ్చుకోవలసి వచ్చినవాడికి, నాలుగేళ్ళు తిరిగేసరికి ఇంకొకరి కొట్టు తాళం చెవి తీసుకోవడానికి చెయ్యెట్లా వచ్చిందా అని ఆ రాత్రంతా ఆలోచించాను. ఆలోచించగా నాకు వేరే ఒకటి గుర్తుకొచ్చింది. నేను కూడా కారులో ఒక ముక్క చెప్పలేదు.

1975. నేను తొమ్మిదో తరగతి. మా బడి జట్టులో లెఫ్ట్ అవుట్ నేను కాదు, వేరే కుర్రాడు. తోలు పనివాళ్ళ పేట నుంచి వచ్చేవాడు. వాళ్ళ నాన్న పేర్ణాంబట్టులో తోళ్ళ షాపులో సున్నం తొట్ల దగ్గర పని. కుర్రాడికి పుట్టుకతోనే ఎడమకాలి వాటం. బంతి వాడి కాలికి తగిలితే చెప్పిన మాట విన్నట్టు పోయేది. వాడి ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఈ సంగతి గట్టిగా రాయాలి. వాడి తెలుగు మా ఇంటి తెలుగు కన్నా ముతకగా ఉండేది, అయినా తెలుగే. బడిలో వాణ్ణీ నన్నూ ‘గొల్టి’ అనే పిలిచేవాళ్ళు. మైదానంలో మేమిద్దరం ఒకరికొకరు తెలుగులో కేకలేసుకుంటే అవతలి జట్టుకు అర్థమయ్యేది కాదు. అదో సౌకర్యం.

ఆ ఏడు వేలూరు కోట మైదానంలో ఒక ముఖ్యమైన ఆట. పొద్దున పోయి సాయంకాలం రావాలి. మధ్యాహ్న భోజనం వేలూరులో ఒక పెద్దమనిషి ఇంట్లో ఏర్పాటైంది. తెలుగువాడు, భాషాభిమాని, మన పిల్లలు ఆడటానికి వస్తున్నారని సంతోషంగా ఒప్పుకున్నాడని చెప్పారు. ముందు రోజు సాయంకాలం ఆటల మాస్టరు నన్ను పిలిచి, “రేపు లెఫ్ట్ అవుట్ నువ్వు” అన్నాడు. వాడో అని నేను అడిగాను. “వాడొద్దులే. ఇంట్లో కూచోబెట్టి పెట్టే భోజనం. వాళ్ళకు ఇబ్బంది” అన్నాడు.

ఎవరికి ఇబ్బందో నాకు అర్థమైంది. పద్నాలుగేళ్ళవాడికి అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? నేను ఏమీ అనలేదు. అనలేదు సరిగదా, ఇంటికి పరిగెత్తి చొక్కా ఉతుక్కున్నాను. రెండేళ్ళుగా జట్టులో చోటు కోసం గీత పక్కన నిలబడినవాణ్ణి. చోటు దొరికింది.

పొద్దున మేము రైలు స్టేషనుకు పోతుంటే వాడు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. చేతిలో బనీను మూట ఉంది. మాస్టరు వాడి దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. వాడు నా వైపు చూశాడు. నేను బూటు లేసు కట్టుకోవడానికి వంగాను.

ఆట మేము 1-0తో ఓడిపోయాం. రెండో సగంలో గోలు ముందర నా ఎడమకాలికి బంతి వచ్చింది. నాది కుడికాలి వాటం. కాలు మార్చుకునేలోగా బంతి పోయింది. కోట గోడ మీద కూచున్న కుర్రాళ్ళు ‘గొల్టి, గొల్టి’ అని అరిచారు. ఆ కోట కట్టించినవాళ్ళు విజయనగరపు నాయకులు అని మా తెలుగు అయ్యవారు చెప్పిన పాఠం ఆ నిమిషంలో నాకు ఎందుకూ పనికిరాలేదు. మధ్యాహ్నం పెద్దమనిషి ఇంట్లో అరిటాకుల్లో భోజనం. ఆయన ప్రతివాడి పక్కనా నిలబడి, “మన తెలుగు పిల్లలు బాగా తినాలి” అంటూ కొసరి కొసరి వడ్డించాడు. మనసారా అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆయన లెక్కపెట్టిన తెలుగు పిల్లల్లో ఒకడు గుడియాత్తం రోడ్డు పక్కన ఉన్నాడు.

ఇంటికొచ్చాక తాత ఆట గురించి అడిగాడు. “ఆ ఎడమకాలోడు ఏమైనాడు?” అన్నాడు.

“రాలేదు” అన్నాను.

తాత నా మొగం చూసి, ఇంకేమీ అడగలేదు. దగ్గొచ్చి అటు తిరిగి పడుకున్నాడు. గనిలో కూడా కులానికొక లైనుండేదనీ, బోను మాత్రమే ఏదీ అడగలేదనీ ఆయన తర్వాతెప్పుడో చెప్పాడు. ఆ కుర్రాడు పదో తరగతికి రాలేదు. తోళ్ళ షాపులో చేరాడని విన్నాను.

షెపాన్ చేసినదీ నేను చేసినదీ ఒకటే అని నేను అనడం లేదు. అక్కడ ఇద్దరు మనుషుల ప్రాణాలు పోయాయి. ఇక్కడ ఒక ఆట పోయింది. అది నాకు తెలుసు. అయితే ఒకటి మాత్రం ఒకటే అనిపిస్తుంది. చోటు ఖాళీ చేయించేది ఎవరో పెద్దవాళ్ళు. మనం చేసేదల్లా ఆ చోట్లో నిలబడటం. అంతకు ముందు మనల్ని బయట నిలబెట్టినవాళ్ళే పిలిచి చోటిస్తే, అది ఎవరిదని అడగడానికి నోరు రాదు. అవమానం పడ్డవాడికి ఇంకొకడి అవమానం తెలిసి ఉంటుందనుకుంటాం. తెలిసే ఉంటుంది. తెలియడం ఒక్కటే చాలదు.

2017లో, ఉద్యోగం మానేశాక, ఒక పెళ్ళికని పేర్ణాంబట్టు పోయాను. బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు బెంచీ మీద ఒక మనిషి ఎడమకాలు కొంచెం ముందుకు పెట్టి కూచుని ఉన్నాడు. నలభై రెండేళ్ళయినా నాకు అనుమానం కలగలేదు. నేను పోయి పక్కన కూచున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు.

“నువ్వు ఆ మగ్గాలోళ్ళ పిల్లోడివి గదా?”

“అవును. ఆ రోజు వేలూరికి నీ బదులు నేను పోయినాను.”

“తెలుసులే. ఎడమకాలికొచ్చిన బంతిని కుడికాలితో తన్నబోయినావంట గదా. ఎవురో చెప్పినారు” అని నవ్వాడు. నేనూ నవ్వబోయాను, రాలేదు.

కాసేపు ఆగి అడిగాడు. “ఆ పొద్దు అన్నంలోకి ఏం పెట్టినారు?”

ఈ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. క్షమించమని అడగాలనుకున్నాను. మాటలు కూడా తయారు చేసుకున్నాను. అన్నీ మరిచిపోయి, అడిగినదానికి జవాబు చెప్పాను. “వంకాయ కూర, పప్పుచారు, అప్పడం. చివర్న సేమియా పాయసం.”

“పాయసం గూడానా” అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. టీకి డబ్బులు నేను తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి తనే ఇచ్చాడు.

ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేశాడట. మనవరాలు ఆరో తరగతి, బడిలో అంతా తమిళం, ఇంగ్లీషు. “మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, నాతోనే అచ్చరాలు పోయినాయి. బిడ్డకు తెలుగు అచ్చరాల పుస్తకం దొరుకుతుందా? మీకు ఆ సంగాలూ అవీ తెలుసు గదా” అని అడిగాడు.

‘మీకు’ అన్నాడు. అంతసేపూ నువ్వు అన్నవాడు అక్కడ మాత్రం మీకు అన్నాడు. సంఘాలు మావి, ఆయనవి కావు.

చిత్తూరుకు పోయినప్పుడు ఒక పెద్ద బాలశిక్ష, రెండు వాచకాలు కొని పంపాను. తమిళనాట తెలుగువారి గురించి ఏదైనా రాయమని ఈ పత్రికవారు అడిగినప్పుడు, మనకు జరిగిన అన్యాయాల పట్టీ ఒకటి రాద్దామనుకుని కూచున్నాను. ఆ పట్టీ అబద్ధం కాదు, ఎప్పుడైనా రాస్తాను. ముందు ఇది రాయవలసి వచ్చింది. ఆ పాప ఇప్పుడు కాలేజీకి వచ్చి ఉంటుంది. మన సంఘం వార్షికోత్సవానికి ఆ తాతనూ మనవరాలినీ పిలవాలని ఉంది. మధ్యాహ్నం భోజనంలో వాళ్ళ పక్కన నేను కూచుంటాను. పాయసం చేయించమని కార్యదర్శిగారికి ముందే చెప్పాను.